విశ్రాంతి పుస్తకంలో దొరికిన పేర్లు

ఆత్మకూరులో మా చర్చి సంఘానికి ఒక అలవాటు ఉంది. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, పనికోసం ఊరు విడిచి పోయినవాళ్ల పేర్లన్నీ ఒక్కటొక్కటిగా పైకి చదువుతాం. పుణెలో జేసీబీ నడిపేవాళ్లు, ముంబైలో సెంట్రింగ్ పని చేసేవాళ్లు, బెంగళూరు దవాఖానల్లో నర్సులు, కువైట్‌లో ఇళ్లలో వంట చేసే ఆడవాళ్లు, అందరూ అందులో ఉంటారు. మా ఊరివాళ్లే కాదు. గద్వాల నుంచి, నాగర్‌కర్నూలు నుంచి, పాన్‌గల్, బల్మూర్ పల్లెల నుంచి కూడా తల్లులు వచ్చి తమ పిల్లల పేర్లు రాయించుకున్నారు. అలా రెండు వందల పైచిలుకు అయ్యాయి.

చదవడం అయ్యాక ఆ కాగితాలను కత్తెరతో చీటీలుగా కోస్తాం. ఒక్కో చీటీకి ఒక్కో పేరు. వచ్చినవాళ్లు తలా నాలుగైదు తీసుకుని ఇంటికి పోతారు. వారమంతా ఆ పేర్ల కోసం ప్రార్థన చేయడం వాళ్ల పని. కొందరు బియ్యం డబ్బాకు అంటిస్తారు, కొందరు అద్దం సందులో దోపుతారు, కొందరు కొంగున ముడివేసుకుంటారు. తిరిగి ఇచ్చేది లేదు. అందుకే మా దగ్గర పోయిన వారం జాబితా అంటూ ఎప్పుడూ మిగలదు. ప్రతి శుక్రవారానికి కొత్త కాగితం కావాలి.

ఆ కాగితం తెచ్చే పని పన్నెండేళ్లుగా నాది. నేను ఉండేది వనపర్తిలో. బడిలో పాఠాలు చెప్పిన రోజుల్లో కాగితం కవరులో పెట్టి ఆత్మకూరు బస్సు కండక్టరు చేతికి ఇచ్చేదాన్ని. రిటైరయ్యాక నేనే తీసుకుపోతున్నాను. పేర్లన్నీ నా ల్యాప్‌టాప్‌లో, మెయిల్ ప్రోగ్రాంలోని అడ్రస్ బుక్‌లో ఉంటాయి. నెలకొకసారి అందరికీ సంఘం ఉత్తరం మెయిల్‌లోనే పంపుతాను. ఇప్పుడు అందరికీ ఫోన్లు ఉన్నాయి కదా అని అడుగుతారు. మా పిల్లలు రాష్ట్రం మారితే సిమ్ మారుస్తారు, దేశం మారితే మళ్లీ మారుస్తారు. ఫోను నీళ్ల డ్రమ్ములో పడితే గ్రూపు మొత్తం పోతుంది. మెయిల్ చిరునామా మాత్రం, పని కోసం మొదటిసారి దరఖాస్తు పెట్టిన రోజున తెరిచింది, అలాగే ఉంటుంది.

ఆ పేర్లను చదివేది పెద్దమ్మ. మా సంఘంలో అందరికీ ఆమె పెద్దమ్మే. డెబ్బై దాటింది. నలభై ఏళ్లు ఊరూరా తిరిగి ఆడవాళ్లకు అక్షరాలు నేర్పింది, బైబిలు వాక్యం చెప్పింది. మైకు అక్కర్లేని గొంతు. ఆమె పేరు చదివితే ఆ మనిషి పక్క వీధిలోనే ఉన్నాడు, విని వచ్చేస్తాడు అనిపిస్తుంది. 

ఆ గొంతులోనే గడ్డ వచ్చింది. హైదరాబాదు డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు. సోమవారం ఆపరేషన్. బతుకుతుంది, మాట మాత్రం ఉండదు. బుధవారం ఆమె నాకు ఫోన్ చేసింది. అప్పటికే గొంతు ఇసుక మీద నడిచినట్టుంది.

"బిడ్డా, ఈ శుక్కురారం గూడ నేనే సదువుత. ఒక్కల పేరు గూడ తప్పిపోవద్దు. మళ్ల పిల్వనీకి నాకు గొంతుండదు."

"మీకు అందరూ యాదికే ఉంటరు కదా పెద్దమ్మా" అన్నాను.

"శానా మంది యాదికున్నరు. యాదికి లేనోళ్లతోనే నాకు భయం."

గురువారం పొద్దున్నే ప్రార్థన ముగించుకుని ల్యాప్‌టాప్ తెరిచాను. అడ్రస్ బుక్ నొక్కాను. ఎడమ పక్క నా పుస్తకం పేరు ఉంది. కుడి పక్క, పేర్లు ఉండాల్సిన చోట, తెల్లగా ఉంది. గోడకు కొత్తగా సున్నం వేసినట్టు ఒక్క మరక లేదు.

వెతికే పెట్టెలో పాత అక్షరాలేవైనా ఉండిపోయి పేర్లను దాచాయేమోనని చూశాను. ఖాళీగానే ఉంది. ప్రోగ్రాం మూసి తెరిచాను. ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ పెట్టాను. మోకాళ్లూని ప్రార్థన చేసి మళ్లీ చూశాను. తెల్లగానే ఉంది. పేర్లు మొదట రాసుకున్న నోటుబుక్కు గుర్తొచ్చి ట్రంకు పెట్టె దింపాను. అది చెదలు తినగా మిగిలింది. అయినా అందులో ఉన్నవి మొదటి రెండేళ్ల పేర్లే.

హైదరాబాదులో ఉండే మా తమ్ముడి కూతురికి ఫోన్ చేశాను. తొందరలో ఉంది. "అత్తా, ప్రోగ్రాం మొత్తం తీసేసి మళ్లీ వేసుకో, అదే వస్తది" అంది. తీసేయడానికి అన్నీ నొక్కుకుంటూ పోయాను. చివరికి స్క్రీన్ మీద ఒక ప్రశ్న వచ్చింది. మీ సమాచారం మొత్తం తొలగించమంటారా, అవునా కాదా. ఆ ప్రశ్న దగ్గర నా చేయి ఆగింది. అవును అనడానికి నేనెవరిని? ఆ పేర్లు నావి కావు. ల్యాప్‌టాప్ మూసి, తువ్వాలలో చుట్టి, సంచిలో పెట్టుకుని బస్టాండు దారి పట్టాను.

బస్టాండు దగ్గర ఒక ఆన్‌లైన్ సెంటరు ఉంది. దరఖాస్తులు నింపుతారు, జిరాక్సులు తీస్తారు. నడిపేది నా ఈడు ముస్లిం మనిషి. ప్రతి గురువారం నా కాగితాలు ఆయన దగ్గరే ప్రింటు తీయిస్తాను. నేను ఆయన్ను భాయ్ అంటాను, ఆయన నన్ను టీచరమ్మా అంటాడు.

"భాయ్, అందరు పోయిండ్రు" అన్నాను, గడపలో నుంచే.

ఆయన కుర్చీలోంచి లేచాడు. "యా అల్లా! ఎవరు టీచరమ్మా? యాక్సిడెంటా?"

"మనుషులు కాదు భాయ్. పేర్లు. కంప్యూటర్ల పేర్లు."

"గట్ల చెప్పు మరి! నా గుండె ఆగింది గదా." గుండె మీద చేయి పెట్టుకుని కూర్చున్నాడు. "తే, ఇటు పెట్టు."

ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చిన ఒక రైతు బెంచీ మీద ఉన్నాడు. "పొద్దుగాల సంది నేనొచ్చి కూసున్న. ఆమెది ముందు చేస్తివి" అన్నాడు.

"నీది సర్వర్ లేదు. ఆమెది సర్వర్ అక్కెర లేదు. సర్వర్ వచ్చినంక నీకే మొదలు, అల్లా కసం."

"నీ సర్వర్, మా ఊరి కరెంటు ఒక్కతీరే" అన్నాడు రైతు. అని, తానూ లేచి వచ్చి స్క్రీన్ వైపు తొంగి చూశాడు.

భాయ్ మొట్టమొదట చేసిన పని నాకు ఆశ్చర్యం కలిగించింది. ప్రోగ్రాంను ముట్టుకోలేదు. దాన్ని మూసేసి, అది తన సమాచారం దాచుకునే ఫోల్డరును వెతికి, మొత్తంగా ఒక పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీశాడు.

"ఉన్నది ఉన్నట్టు మొదలు పక్కకు పెట్టాలె. వెతికేటప్పుడే మనం ఎక్కువ పోగొడ్తం" అన్నాడు. "ఎవరైనా తీసి మళ్ల వెయ్యమని చెప్పిండ్రా?"

"చెప్పిండ్రు. ఆఖరుకు ఆగిన."

"మంచిగైంది. ఏసుంటే ఖతం."

తర్వాత ప్రోగ్రాం తెరిచాడు. అడ్రస్ బుక్ వైపు పోకుండా కొత్త ఉత్తరం తెరిచి, ఎవరికి అనే గడి మీద నొక్కాడు. "నీకు బాగా తెల్సిన ఒక పేరు చెప్పు. బతికున్నోళ్లది."

బెంగళూరులో నర్సుగా పనిచేసే బల్మూరు పిల్ల పేరు చెప్పాను. నా దగ్గరే ఏడో తరగతి చదివింది. ఆయన మొదటి రెండు అక్షరాలు కొట్టాడు. కింద ఆ పిల్ల పేరు, మెయిల్ చిరునామాతో సహా, తనంతట తానే వచ్చి నిలబడింది.

ఆ పిల్లే తలుపు సందులోంచి తొంగి చూసినట్టుంది.

"సూసినవా? మనిషి యాడికీ పోలె. పేరు ఉన్నది. నువ్వు సూస్తున్న అర్ర వేరే, పేర్లున్న అర్ర వేరే. గంతే."

"మరి ఏ గదిల ఉన్నయి?"

ఆయన మళ్లీ అడ్రస్ బుక్‌కు వచ్చాడు. ఎడమ పక్క పట్టీని వెడల్పు చేశాడు. అక్కడ మూడు పుస్తకాలు ఉన్నాయి. ఒకటి నాది, ఖాళీ అయింది. రెండోది, వచ్చిన మెయిళ్లనుంచి ప్రోగ్రాం తనే ఏరుకునే చిరునామాలది. దాన్ని తెరిచాడు. బ్యాంకువి, గ్యాసువి, నాలుగైదు ఉన్నాయి.

"ఈ మూడోదేంది? విశ్రాంతి అని రాసి ఉన్నది."

ఆ పేరు పెట్టింది నేనే.

పన్నెండేళ్లలో మా జాబితాలో వాళ్లు కొందరు చనిపోయారు. మొదటిసారి అలా జరిగినప్పుడు ఆ పేరును ఎంచుకుని తొలగించబోయాను. డిలీట్ అనే మీటను ఒక మనిషి పేరు మీద నొక్కడానికి నా వేలు రాలేదు. లేఖనాల్లో పేజీలకు పేజీలు పేర్లే ఉన్న అధ్యాయాలుంటాయి. చిన్నప్పుడు అవి చదవడానికి విసుగొచ్చేది. దేవుడు ఒక్క పేరును కూడా వృథాగా రాయించలేదని మా నాన్న చెప్పేవాడు. అది గుర్తొచ్చి, ఇంకో అడ్రస్ బుక్ తయారుచేసి దానికి విశ్రాంతి అని పేరు పెట్టాను. ఎవరైనా కన్నుమూస్తే వాళ్ల పేరును లాగి అందులోకి చేర్చేదాన్ని. చేర్చడమే గాని తెరిచి చూసింది లేదు.

ఇదంతా భాయ్‌కి చెప్పాను. చావు కబురు వింటే వాళ్లు అనుకునే మాటలేవో పెదవుల మీద అనుకున్నాడు.

"తెరువాల్నా?" అని అడిగాడు. 

"తెరువు."

నొక్కాడు. పేర్లు. స్క్రీన్ నిండా పేర్లు. ఆయన కిందికి జరుపుతూ పోయాడు, అవి వస్తూనే ఉన్నాయి. పుణె, ముంబై, కువైట్, బెంగళూరు. బల్మూరు నర్సు పిల్ల ఉంది. ఆమె పేరుకు పైన, మూడేళ్ల కింద పచ్చకామెర్లతో పోయిన గద్వాల మేస్త్రీ ఉన్నాడు. బతికున్నవాళ్లు, పోయినవాళ్లు, అక్షరాల వరుసలో, పక్కపక్కనే.

"అందరు ఈడనే ఉన్నరు టీచరమ్మా" అన్నాడు భాయ్, మెల్లగా. 

రైతు స్క్రీన్ మీదికి ఇంకాస్త వంగాడు.

ప్రభువు పునరుత్థానపు ఉదయాన సమాధి దగ్గరికి పోయిన స్త్రీలు ఒక ప్రశ్న విన్నారు, సజీవుణ్ని మృతులలో ఎందుకు వెతుకుతున్నారు అని. ఆ ప్రశ్న మీద నేను పిల్లలకు ఎన్నోసార్లు పాఠం చెప్పాను. ఆ ఆన్‌లైన్ సెంటరులో, జిరాక్స్ మిషన్ వేడి మధ్య, అది నాకు తిరగబడి వినిపించింది. బతికున్నవాళ్లను నేను వెతకని చోటు అదొక్కటే. వాళ్లు అక్కడే భద్రంగా ఉన్నారు.

ఎలా జరిగిందో అప్పుడు తెలిసింది. ఆదివారం పాన్‌గల్‌లో ఒక పిల్లవాడిని మట్టిలో పెట్టాం. పుణెలో జేసీబీ నడిపేవాడు. బండి గుంతలోకి ఒరిగింది. అతని గదిలో ఉండేవాడే శవాన్ని అంబులెన్సులో ఇంటికి తెచ్చాడు. సోమవారం సాయంత్రం కూర్చుని అతని పేరును విశ్రాంతిలోకి చేర్చాను. ప్రతి గురువారం ప్రింటు కోసం అడ్రస్ బుక్ తెరవగానే నేను చేసే మొదటి పని, అన్నిటినీ ఒకేసారి ఎంచుకునే మీటలు నొక్కడం. పన్నెండేళ్ల అలవాటు. ఆ సోమవారం కూడా చేతులు వాటంతట అవే నొక్కాయి. కళ్లలో నీళ్లుండి స్క్రీన్ సరిగా కనిపించలేదు. ఒక్కడిని లాగుతున్నాననుకుని అందరినీ లాగాను.

"తీసి మళ్ల నీ పుస్తకంల పెడ్దాం. ఎవరెవరు పోయినోళ్లో చెప్పు" అన్నాడు భాయ్.

మొత్తం ప్రింటు తీయించి, పెన్సిల్ అడిగి తీసుకుని, బెంచీ మీద రైతు పక్కన కూర్చున్నాను. చనిపోయినవాళ్లు ముప్పై మంది దాకా ఉండాలి. ఇరవై పేర్ల వరకు గీత సులువుగానే పడింది. తర్వాత చేయి నెమ్మదించింది. నాగర్‌కర్నూలు వైపు వాళ్లు కొందరు నాకు పేరుగానే తెలుసు, మనిషిగా తెలియదు. ఒకే పేరున్నవాళ్లు నలుగురు ఉన్నారు. అందులో ఒకడు పోయాడని గుర్తుంది. ఏ ఒకడు? చేర్చిన తేదీ చూపించమంటే ప్రోగ్రాం చూపించలేదు.

"అంచనాతోని కొట్టెయ్. నడుస్తది" అన్నాడు రైతు.

"బతికున్నోని పేరు కొట్టేస్తే?" అన్నాను. "రేపు ఆమె పిలువది. మళ్లెప్పుడు పిలువది."

రైతుకు నేనెవరి గురించి మాట్లాడుతున్నానో తెలియదు. అయినా తల ఊపాడు. భాయ్ రబ్బరు తెచ్చి ఇచ్చాడు. గీతలన్నీ తుడిపేశాను.

"మా మతంల గూడ అంతా పైన అల్లా కాడ రాసి ఉంటదంటరు" అన్నాడు భాయ్, కాగితాలు కవరులో పెడుతూ. "ఆయనకు పెన్‌డ్రైవ్ అక్కెర లేదు. మనకే ఈ పరేషాన్."

శుక్రవారం బస్సులో కవరును ఒళ్లో పెట్టుకుని ఆత్మకూరు పోయాను. దారంతా ఒకటే ఆలోచన. చనిపోయినవారి కోసం ప్రార్థన చేసే ఆచారం మాకు లేదు. వాళ్లు దేవుని చేతిలో ఉన్నారు, మనం అడగాల్సింది మిగల్లేదు, అని నేనే చర్చిలో ఆదివారం బడి పిల్లలకు నేర్పాను. అలాంటి పేర్లు ముప్పై, ప్రార్థన కాగితంలో కలిసి ఉన్నాయి. పెద్దమ్మకు ముందే చెప్పాలి.

ప్రార్థనశాల నిండింది. ఆమె గొంతు కోసమే చాలా మంది వచ్చారు. పెద్దమ్మ ముందు బల్ల దగ్గర కుర్చీలో ఉంది. మెడకు తెల్ల రుమాలు కట్టుకుంది. పక్కకు పోయి వంగి, జరిగిందంతా చెప్పాను. బతికున్నవాళ్లూ పోయినవాళ్లూ కలిసిపోయారని, విడదీయడం నా వల్ల కాలేదని చెప్పాను. 

"అందరు ఉన్నరా?" అని అడిగింది. 

"ఉన్నరు."

"ఒక్కరు గూడ తక్కువ లేరు గద?"

"ఎక్కువే ఉన్నరు పెద్దమ్మా."

"అయితే ఇటియ్యి."

నిలబడింది. అద్దాలు సవరించుకుని మొదటి పేరు చదివింది. మా దగ్గర పేరు చదవగానే ఆ ఇంటివాళ్లు ఎవరుంటే వాళ్లు స్తోత్రం అంటారు. ఇంటివాళ్లు రాకపోతే చదివేవాళ్లే అంటారు. మొదటి పేరుకు ఒక మూల నుంచి తల్లి అంది. రెండో పేరుకు అన్న అన్నాడు. ఆమె గొంతు గరుకుగా ఉంది, కాని ప్రతి అక్షరం నిలబడింది.

మొదటి పేజీ సగంలో చనిపోయిన గద్వాల మేస్త్రీ పేరు వచ్చింది. ఆమె చదివింది. ఎవరూ స్తోత్రం అనలేదు. ముందు వరుసలోని సంఘ పెద్ద దగ్గాడు.

"అమ్మా, గాయన పోయి మూడేండ్లాయె" అన్నాడు.

"తెల్సు. మట్టేసినోళ్లల్ల నేను గూడ ఉంటి."

"మరి పోయినోళ్లకు ప్రార్థన..."

"నేను ఆయన కోసం ఏమన్న అడిగిన్నా? ఇచ్చినందుకు స్తోత్రం అంటున్న. వద్దంటవా?" కాగితం దించి ఆయన వైపు చూసింది. "నా గొంతు పోతది గని, బుద్ధి పోలె."

శాలంతా నవ్వింది. పెద్దాయన కూడా నవ్వాడు, చేయి ఎత్తి కానివ్వండన్నట్టు ఊపాడు. పెద్దమ్మ ఆ పేరు మళ్లీ చదివి, తనే స్తోత్రం అంది.

అక్కడినుంచి ఏం జరిగిందో ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. పేర్లు వస్తున్నాయి. పుణెలో ఉన్నవాడు, కువైట్‌లో ఉన్నది, మట్టిలో ఉన్నవాడు, మళ్లీ ముంబైలో ఉన్నవాడు. ఆమె గొంతు వాళ్ల మధ్య తేడా చూపలేదు. అందరినీ ఒకే దూరం నుంచి పిలిచింది. వింటున్నవాళ్లలో కూడా తేడా పోయింది. పోయినవాళ్ల పేర్లకు కూడా జనంలోంచి స్తోత్రాలు రావడం మొదలైంది. ఒక భార్య అంది. ఒక చెల్లెలు అంది. ఏళ్ల తరబడి ఈ శాలలో వినపడని పేర్లవి. పరలోకంలో పేర్లు రాసి ఉండే జీవగ్రంథం గురించి ఎన్ని ప్రసంగాలు విన్నానో లెక్క లేదు. ఆ మధ్యాహ్నం మాత్రం దాన్ని ఎవరో పైనుంచి తెరిచి చదువుతున్నట్టు, ఆ చప్పుడు ఈ రేకుల కప్పు కింద వినిపిస్తున్నట్టు అనిపించింది.

మూడో పేజీలో పాన్‌గల్ పిల్లవాడి పేరు ఉందని నాకు తెలుసు. అతని తల్లి చివరి వరుసలో గోడకు ఆనుకుని కూర్చుంది. మట్టిలో పెట్టి ఐదు రోజులు. ఎందుకు వచ్చావమ్మా అని అడిగితే, ఇంట్లో ఉండలేక వచ్చానంది. ఆ పేరు ముందు పెద్దమ్మ ఆగింది. నీళ్లు తాగింది. తలెత్తి, వెనక వరుస దాకా చూసి, కాగితం చూడకుండా ఆ పేరు పిలిచింది.

ఎవరూ కదల్లేదు. పెద్దమ్మ తనే స్తోత్రం అనలేదు. అలాగే నిలబడింది. తొందర పెట్టలేదు.

"స్తోత్రం" అంది తల్లి.

చిన్న గొంతు. తలుపు బయట చెప్పులు విడుస్తున్నవాళ్లకు కూడా వినిపించింది. నా పక్కనున్నామె కొంగు నోట్లో కుక్కుకుంది. నేను తల వంచుకున్నాను, ఆ చోట తల ఎత్తుకుని ఉండటం తగదనిపించింది. పెద్దమ్మ తర్వాతి పేరుకు పోయింది.

చివరి పేజీకి వచ్చేసరికి గొంతు దాదాపు గాలిగా మారింది. సంఘ పెద్ద లేచి నేను చదవనా అని సైగ చేశాడు. ఆమె వద్దని తల ఊపింది. జనం ముందుకు జరిగి కూర్చున్నారు, వినడానికి. హ అక్షరం మీద ఆఖరి పేరు చదివి, స్తోత్రం విని, కుర్చీలో కూలబడింది. "అయింది" అంది నాతో. "ఎవర్నీ ఇడిసిపెట్టలె గద?"

"లేదు పెద్దమ్మా."

చీటీలు కోశాం. కోస్తూ కోస్తూ ఎవరు బతికున్నవాళ్లో, ఎవరు విశ్రాంతిలో ఉన్నవాళ్లో ఇంటివాళ్లను అడిగి నేను గుర్తు పెట్టుకున్నాను. నాకు తెలియని నాగర్‌కర్నూలు పేర్లన్నీ అలా తేలాయి. ఆ నలుగురిలో పోయినవాడు ఎవరో కూడా తెలిసింది. పాన్‌గల్ తల్లి బల్ల దగ్గరికి వచ్చింది.

"నాకు నా కొడుకు చీటీ ఈయిండ్రి" అని చేయి చాచింది.

పెద్దమ్మ ఆ చీటీ తీసి, తల్లికి ఇవ్వకుండా తన సంచిలో పెట్టుకుంది. కుప్పలో వెతికి ఇంకో చీటీ తీసింది. పుణె గదిలో ఆ పిల్లవాడితో ఉన్నవాడిది, శవాన్ని తెచ్చినవాడిది.

"నీ కొడుకు దేవుని దగ్గర మంచిగున్నడు. వీడు ఒక్కడే ఆ అర్రల పండుకుంటున్నడు" అంది. మాటలు గాలిలా వస్తున్నాయి, దగ్గరికి వంగితేగాని అర్థం కావు. "వీని కోసం నువ్వు జెయ్యి."

తల్లి ఆ చీటీని అందుకుని మడిచింది. తర్వాత కొంగున ముడివేసుకుంది.

సోమవారం ఆపరేషన్ అయింది. ఆ వారమే నేను బతికున్నవాళ్లను వెనక్కి తెచ్చాను. ఈసారి అందరినీ ఒకేసారి ఎంచుకోలేదు. ఒక్కొక్కరిని, పేరు పైకి అనుకుంటూ. రెండు రోజులు పట్టింది. భాయ్ తన పెన్‌డ్రైవ్ ఇచ్చేస్తూ, ప్రతి నెలా నకలు తీస్తానని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

పెద్దమ్మ నెలన్నరకు మళ్లీ ఉపవాస ప్రార్థనకు వచ్చింది. మెడలో చిన్న గొట్టం, దాని మీద పలుచని గుడ్డ. ముందు బల్ల దగ్గర తన కుర్చీలోనే కూర్చుంది. ఆమె గొంతు లేనప్పటి నుంచి పేర్లు చదివేది నేనే. బడిలో ముప్పై ఏళ్లు హాజరు పిలిచినదాన్ని, అయినా ఆమె ఎదుట నా నోరు తడబడింది. కళ్లు మూసుకుని వింటోంది. 

రెండో పేజీ మధ్యలో ఆమె బల్ల మీద వేలితో టక్కున తట్టింది. ఆగాను. ఏమైందో అర్థం కాలేదు. కళ్లు తెరవకుండానే, వేలు వెనక్కి తిప్పినట్టు చూపించింది. కాగితం మీద చూపు వెనక్కి జరిపాను. రెండు వరుసల పైన ఒక పేరును దాటి వచ్చేశాను. కువైట్‌లో ఉన్నామె. నాగర్‌కర్నూలు అవతల ఏదో పల్లె. నాకు ఆమె ముఖం కూడా తెలియదు.

ఆ పేరు చదివాను. ఇంటివాళ్లెవరూ రాలేదు. స్తోత్రం అనాల్సింది నేను. నేను నోరు తెరవకముందే పెద్దమ్మ నా బదులు బల్ల మీద ఇంకోసారి తట్టింది.